ముప్పై పూజల మొక్కు

చనిపోయిన అమ్మ ఆత్మకోసం చర్చిలో రోజుకొకటి చొప్పున ముప్పై పూజలు చెప్పిస్తున్న నెలలో, పంతొమ్మిదో రోజున మా ఫాదర్ గారు జ్వరంతో మంచం పట్టారు. వరుస తెగకూడదు కదా. ఈ ముప్పై పూజల్ని మొదలుపెట్టిన ఆనాటి పోపు గ్రెగోరి గారికి ఆ రాత్రే మొక్కుకున్నాను: "పునీత గ్రెగోరీ, ఇది ఆగకుండా చూడు, నీ సమాధి దగ్గరికొచ్చి అమ్మ పేరు చెప్పుకుంటాను" అని. తెల్లారేసరికి పొరుగు విచారణ (పారిష్) ఫాదర్ గారు వానలో తడుస్తూ బండి మీద వచ్చి పూజ చెప్పారు. ముప్పై పూర్తయ్యాయి.

అందుకే 2025 సెప్టెంబరు 3న, ఆయన పండుగ రోజున, రోములో ఉన్నాను. జర్మనీలో ఉంటున్న తమ్ముడు నాకు తోడొచ్చాడు.

అది యాత్రికులు పోటెత్తే జూబిలీ సంవత్సరం. పైగా బుధవారం, పునీత పేతురు చౌకులో జగద్గురువులు పోపు గారి దర్శనం ఉండే రోజు. ఆ జనాన్ని ఏమని చెప్పను! ఎండలో గంటల తరబడి నిలబడ్డాం. మధ్యలో జెండా పట్టుకున్న గుంపులు తోసుకుంటూ దూరిపోతుంటే కడుపు మండిపోయింది. జపమాల చేతిలోనే ఉంది కానీ మనసు నిలవలేదు. వెనక్కి తిరిగితే దూరాన కోట మీద మిఖాయేలు సన్మనస్కుడి (దేవదూత) విగ్రహం కనిపించింది. 590లో రోమును ప్లేగు ఊడ్చేసింది, పెలాజియుస్ పోపు గారే దానికి బలయ్యారు. గ్రెగోరి జనాన్ని వెంటబెట్టుకుని ప్రార్థనలు చేస్తూ ఊరేగింపు నడిపించినప్పుడు, ఆ కోటపైనే సన్మనస్కుడు కత్తిని ఒరలో పెట్టుకుంటూ కనిపించాడని చెబుతారు. చావుల మధ్య నడిచిన ఆ జనం గుర్తొచ్చి, నా ఎండ గురించి ఇంకేమీ అనలేదు.

పునీత పేతురు దేవాలయంలోకి వెళ్లాక ఎడమవైపు నడిచాం. ఆయన పీఠం ముందు తాడు కట్టి ఉంది. పైన రంగురాళ్ల చిత్రంలో ఆయన కత్తితో గుడ్డను కోసి చూపిస్తున్న అద్భుతం. కింద ఆయన అవశేషాలు. మోకాళ్లూనాను. "అమ్మ" అనేలోపే కాపలా మనిషి ముందుకు కదలమన్నాడు. వెనకనుంచి ఎవరి సంచో వీపుకు తగిలింది. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంత దూరం వచ్చింది ఈ అర నిమిషానికా అని బయటికొచ్చి మెట్ల మీద ఏడ్చేశాను.

"ఇంకో చోటుంది కదక్కా, ఆయన ఇల్లు" అన్నాడు తమ్ముడు.

చేలియో కొండ మీది ఆ ఇంటినే ఆయన మఠంగా మార్చాడు. సువార్త చెప్పడానికి ఇంగ్లండుకు అగస్తీను అనే సన్యాసిని పంపింది కూడా అక్కణ్నుంచే. ముప్పై పూజలు పుట్టింది ఆ మఠంలోనే. యూస్తుస్ అనే సన్యాసి మూడు బంగారు నాణేలు దాచుకుంటే, చచ్చాక వాటితో సహా పెంటలో పూడ్పించాడు గ్రెగోరి. తర్వాత జాలి కలిగి అతని కోసం ముప్పై రోజులు పూజ చెప్పించాడు. అప్పుడు యూస్తుస్ తన సోదరుడికి కనబడి, ఇప్పుడు బాగున్నానని చెప్పాడు. అమ్మ ఆ మాట మాకు ఎన్నిసార్లు చెప్పిందో!

అక్కడికి చేరేసరికి నాకు చూడాలని ఉన్న చిన్న గుడికి తాళం వేసి ఉంది. అరుగు మీద కూలబడ్డాను. పక్కనే మదర్ తెరెసా సిస్టర్ల ఇల్లు. నీలం అంచు తెల్లచీరలో ఒక సిస్టరు బయటికొచ్చి మమ్మల్ని చూసి ఆగింది. రాంచీ వైపు ఆమెట. నాకొచ్చిన కాస్త హిందీలో అమ్మ గురించి చెప్పాను. ఏమీ అడగలేదు. స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చి, లోపలికెళ్లి ఎవరితోనో మాట్లాడి, తాళంచెవి ఉన్న మనిషిని వెంటబెట్టుకొచ్చింది. రోములో స్టీలు గ్లాసు! ఆ చల్లదనం ఇంకా పెదాల మీదే ఉంది.

లోపల పొడవాటి పాలరాతి బల్ల. ఆయన రోజూ పన్నెండుమంది పేదలకు అన్నం పెట్టిన బల్ల అది. ఒకరోజు పదమూడో మనిషి కూర్చున్నాడు, అతను సన్మనస్కుడు. బల్ల మీద లాటిన్‌లో చెక్కింది కూడా అదే. దాని అంచు మీద చెయ్యి వేశాను. ఎవరూ తోయలేదు, కదలమనలేదు. సిస్టరు గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడింది. అమ్మ పూర్తి పేరు, జ్ఞానస్నానం పేరుతో సహా, గట్టిగా చెప్పాను. తమ్ముడు కూడా చెప్పాడు.

రాత్రి నాన్నకు ఫోను చేశాం. ఎలా వెళ్లారు, ఏం తిన్నారు అని అడగలేదు.

"అమ్మ పేరు చెప్పారా?"

"చెప్పాం నాన్నా."

"ఇద్దరూనా?"

"ఇద్దరమూ."