మిత్తిని అసలులో కలిపి రాస్తే

ప్రామిసరీ నోటు గడువు మూడేళ్లు. అది దాటకముందే మిత్తిని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకోవడం మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. నర్సంపేట వైపు ఒక రైతు నూటికి రెండు రూపాయల మిత్తితో లక్ష తెచ్చాడనుకోండి. మూడేళ్లకు మిత్తి 72,000. కొత్త నోటు 1,72,000. ఇంకో మూడేళ్లకు 2,95,840. ఈ ఆరేళ్లలో ఒక్క రూపాయి చేతులు మారలేదు. అయినా ఇచ్చినాయన లెక్కలో అది మొండి బాకీ కాదు, పెరుగుతున్న ఆస్తి.

అమెరికా ప్రైవేట్ క్రెడిట్‌లో దీన్నే 'పిక్' (పేమెంట్ ఇన్ కైండ్) అంటారు. బ్యాంకులు కాకుండా ఫండ్లు నేరుగా కంపెనీలకు ఇచ్చే ఈ అప్పులు, ఇంకా ఇవ్వని హామీ డబ్బుతో కలిపి, ఐఎంఎఫ్ లెక్కన 2023లోనే ప్రపంచమంతా 2 లక్షల కోట్ల డాలర్లు దాటాయి. వీటిలో ఎక్కువ భాగం మార్కెట్ రేటును బట్టి మిత్తి మారేవే. 2022 మార్చిలో సున్నా దగ్గరున్న ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) రేటు 2023 జూలైకి 5.25–5.50 శాతమైంది. చౌక రోజుల్లో అప్పు చేసిన కంపెనీల మీద అంత బరువూ పడింది. కట్టలేనివి 'కలిపి రాసుకోండి' అన్నాయి.

మొదటి రోజే ఒప్పందంలో ఉన్న పిక్‌తో అంత భయం లేదు. మధ్యలో ఒప్పందం సవరించి తెచ్చిందే జబ్బు. లిస్టయిన ఫండ్ల త్రైమాసిక నివేదికలో ప్రతి అప్పు పక్కన నగదు మిత్తి, పిక్ విడివిడిగా రాస్తారు. పోయినసారి నగదు 11 శాతం, పిక్ 0 అని ఉన్నది ఈసారి నగదు 7, పిక్ 4 అయితే అక్కడే ఆగి చూడాలి. పైగా బీడీసీ (బిజినెస్ డెవలప్‌మెంట్ కంపెనీ) అనే ఈ ఫండ్లు పన్ను మినహాయింపు కోసం ఆదాయంలో కనీసం 90 శాతం పంచాలి. చేతికి రాని పిక్ కూడా ఆదాయమే. నగదు చాలకపోతే పంచడానికి మళ్లీ బ్యాంకు దగ్గర అప్పు. ఈ అప్పుల ముప్పుకు బ్యాంకులు దూరంగా ఉన్నాయన్న మాట నేను నమ్మనిది అందుకే.

తాకట్టు సంగతి ఇంకొకటి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒకే తక్‌పట్టీని (సరుకు అమ్మిన చీటీని) ఇద్దరికి చూపి డబ్బు తెస్తే ఏమవుతుంది? 2025 సెప్టెంబర్‌లో దివాలా తీసిన అమెరికా కంపెనీలు ట్రైకలర్ (పాత కార్లు అప్పు మీద అమ్మేది), ఫస్ట్ బ్రాండ్స్ (కారు విడిభాగాలది) మీద వచ్చిన పెద్ద ఆరోపణ అలాంటిదే. ట్రైకలర్ వల్ల జేపీ మోర్గాన్ బ్యాంకు 17 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది.

మన దగ్గర ఈ రకం ఏఐఎఫ్‌లో (ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్‌లో) చేరాలంటే సాధారణంగా కనీసం కోటి రూపాయలు. లాభం ఎంత అని అడిగే ముందు డబ్బు ఎప్పుడు, ఎంత వెనక్కి ఇస్తారో ఒప్పందంలో చదవండి. అమెరికాలో ఎప్పుడూ తెరిచి ఉండే చాలా ఫండ్లు మూడు నెలలకు ఫండు మొత్తంలో 5 శాతమే వెనక్కి ఇస్తాయి. ఒకేసారి ఫండులోని 12 శాతం డబ్బుకు దరఖాస్తులు వస్తే, వంద అడిగినవాళ్లకు దక్కేది 42 రూపాయలు.