లైటు వెలిగింది, ఫ్యాన్ తిరగలేదు

నాన్న 1986 మారుతి 800 డాష్‌బోర్డు మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందని తెలియడానికి ఎప్పుడో విడిగా పెట్టించింది. పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో ఆ లైటు వెలుగుతూనే ఉంది, టెంపరేచర్ ముల్లు మాత్రం ఎర్ర గీత దాకా పాకింది. బండి పక్కకు ఆపి బానెట్ ఎత్తితే ఫ్యాన్ కదలడం లేదు. భయమేసింది. లైటును నమ్మి ఇంకాస్త దూరం నడిపి ఉంటే ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు, హెడ్ గాస్కెట్, పోయేదేమో.

ఆదివారం పొద్దున్నే టెస్ట్ ల్యాంపు పట్టుకుని కూర్చున్నాను. ఫ్యాన్‌ను ఆన్ చేసే స్విచ్ లాంటిది రిలే. దాని పిన్నుల్లో 85, 86 నంబర్లవి కాయిల్‌వి, కాయిల్‌కు కరెంటు అందితే లోపలి కాంటాక్టులు కలుస్తాయి. 30కి బ్యాటరీ కరెంటు వస్తుంది, కాంటాక్టులు కలిస్తే 87 నుంచి ఫ్యాన్‌కు వెళ్తుంది. మా లైటును కాయిల్ వైపు కలిపారు. అంటే ఇంజిన్ వేడెక్కితే దానంతట అదే పడే థర్మో స్విచ్ పడగానే వెలుగుతుంది, ఫ్యాన్‌కు కరెంటు అందినా అందకపోయినా. రిలే విప్పితే లోపల కాంటాక్టులు నల్లగా మాడిపోయి ఉన్నాయి.

కొత్త రిలే వేశాను. లైటు వైరును 87కి మార్చి, మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టి, రెండో కొసను బాడీకి ఎర్త్ చేశాను. పాత టేపు జిగురు వేళ్లకు అంటుకుపోతుంటే, ఒక్కో జాయింటూ విప్పి సోల్డరింగ్ చేసి స్లీవు తొడిగాను. మూడు గంటలు దానికే పట్టింది.

ఫ్యాన్ మోటారు కాలిపోయినా ఈ లైటు వెలుగుతుంది, 87 దగ్గర కరెంటు ఉంటుంది కదా. అందుకే ముల్లు మీద కూడా ఓ కన్నేసి ఉంచుతాను.

సాయంత్రం ఇంజిన్ వేడెక్కాక లైటు, ఫ్యాన్ చప్పుడు ఒకేసారి వచ్చాయి. నాన్న అరుగు మీది నుంచి లేచి వచ్చి, బానెట్ పక్కన నిలబడి విన్నారు.