మెత్తని వంట సాధన: డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు

మన ఇళ్ళలో కడుపు జబ్బు అనగానే చారన్నంతో నెలల తరబడి పథ్యం పెడతారు. పెద్దపేగు లోపలి పొర వాచే అల్సరేటివ్ కొలైటిస్‌లో అలా చేస్తే మనిషి మరింత నీరసించిపోతాడు. రక్తం పోయినవారికి ఇనుము, స్టెరాయిడ్లు వాడినవారికి కాల్షియం తగ్గకుండా చూసుకోవాలి. అందుకే కూరగాయలను మానేయకుండా, వాటిని పేగు భరించగలిగేలా వండడం సాధన చేస్తున్నాను. మందులు మాత్రం యథావిధిగా వేసుకుంటున్నాను.

డిసెంబరు. జబ్బు ఉధృతి అప్పుడప్పుడే తగ్గుతున్నందున పీచు తక్కువగా ఉండే బీరకాయ పెసరపప్పుతో మొదలుపెట్టాను. లేత కాయకు ఈనెలతో సహా చెక్కు తీసి, నిలువుగా చీల్చి, గింజలున్న మధ్యభాగాన్ని చెంచాతో గీకేసి, మిగిలినదాన్ని సన్నగా తరిగి, నానిన పప్పుతో కలిపి కుక్కరులో పెట్టాలి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండడంతో ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కనుక, విడిగా గిన్నెలో ఉడికించిన పప్పు పలుకు ఒక పట్టాన పోదు. తాలింపులో జీలకర్ర, ఇంగువ, కరివేపాకు వేసి, వడ్డించే ముందు ఆకును ఏరేస్తున్నాను. ఎండుమిరప వేయడం లేదు. కారం ఈ జబ్బుకు కారణం కాకపోయినా, ఉధృతిలో చాలామందికి బాధను పెంచుతుంది.

జనవరి. చలికి పెరుగు సరిగా తోడుకోలేదు. గోరువెచ్చని పాలలో తోడు వేసి, గిన్నెకు మందపాటి తువ్వాలు చుట్టి హాట్‌ప్యాక్‌లో ఉంచితే తెల్లారేసరికి గడ్డగా పేరుకుంది. తోడుకునేటప్పుడు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొంత లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది కాబట్టి, పాలు పడని కొందరికి పెరుగు పడుతుంది. పాలు పడేవారు వాటిని మానవలసిన పనే లేదు.

ఫిబ్రవరి. టమాటాకు అడుగున గాటు పెట్టి, మరిగే నీళ్ళలో కాసేపు ఉంచి తీస్తే తొక్క దానంతటదే ఊడి వస్తుంది. గుజ్జును జల్లెడలో రుద్ది, గింజలు పోయాక చారు కాచాను, ఇబ్బంది కలగలేదు. కొత్త పదార్థాలను ఒక్కొక్కటిగానే చేర్చి, రెండు మూడు రోజులు ఆగి, పుస్తకంలో రాసుకుంటున్నాను. రెండు కలిపి తింటే ఏది పడలేదో తెలియదు. ఒకరికి పడినది మరొకరికి పడకపోవచ్చు గనుక ఎవరి పుస్తకం వారిదే.

తరువాతి వంట తోటకూర. కాడలు తీసేసి, ఆకును మాత్రమే ఉడికించి మెత్తగా రుబ్బి పప్పులో కలపాలి. దానికి ముందు, వాపు ఎంత తగ్గిందో తెలిపే కాల్‌ప్రొటెక్టిన్ మలపరీక్ష చేయించుకుని, పీచు ఎంతవరకు పెంచవచ్చో డాక్టరుగారిని అడగాలి.