తొమ్మిదీ పదిహేనుకి నా ఆర్డర్ ఎక్కడ ఆగింది?

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్. ఆఫీసు పదిన్నరకి. ఈలోగా నేను పైథాన్‌లో రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ బ్రోకర్ ఏపీఐ (ప్రోగ్రామ్‌లు నేరుగా ఆర్డరిచ్చే దారి) ద్వారా ఎన్‌ఎస్‌ఈకి, అంటే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి, షేర్ల ఆర్డర్లు పంపుతుంది. ఒక వారం వరసగా నాలుగు రోజులు, 9:15కి మార్కెట్ తెరవగానే పంపిన కొనుగోలు ఆర్డర్లన్నీ నేను చూసిన ధర కంటే బాగా పైన ఫిల్ అయ్యాయి, అంటే ఎక్కువ ధరకు కొనాల్సొచ్చింది. డబ్బు పోయిన బాధ ఒకటైతే, ఎందుకు పోయిందో తెలియని టెన్షన్ ఇంకొకటి. బ్రోకర్ సపోర్ట్‌కి రాస్తే ‘ఎక్స్ఛేంజ్ వైపు ఆలస్యం’ అన్నారు. ఎంత ఆలస్యమో చెప్పలేదు. నేనే కొలుద్దామని కూర్చున్నాను.

మొదట తేలికైన దారి పట్టాను. నేను పంపిన సమయం నా లాగ్‌లో ఉంది, ఎక్స్ఛేంజ్ అందుకున్న సమయం ఆర్డర్ వివరాల్లో వస్తుంది. తీసివేస్తే సరి. కానీ లాగ్‌లో ఇలా కనిపించింది: పంపింది 10:14:07.312, అందుకున్నది 10:14:06. పంపకముందే ఎలా అందుతుంది? ఏపీఐ సెకన్ల వరకే చూపిస్తుంది, మిల్లీసెకన్లు ఉండవు. అది 06.999 అనుకున్నా, నా లాప్‌టాప్ గడియారం కనీసం మూడొందల మిల్లీసెకన్లు ముందుకు నడుస్తోందన్నమాట.

మా ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు అన్న చేసేది నెట్‌వర్క్ ఉద్యోగం. స్క్రీన్ చూడగానే, “ఒక పరుగును రెండు గడియారాలతో కొలిస్తే ఎట్లా రా? బయల్దేరేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు నీదే చూడు” అన్నాడు. ఆ ఒక్క మాటతో పని దారిలో పడింది.

బాగా ట్రేడయ్యే ఒక స్టాక్ తీసుకున్నాను. మార్కెట్ ధరకు మూడు శాతం కింద, ఒక్క షేరు కొనడానికి లిమిట్ ఆర్డర్ (ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పే ఆర్డర్). అది ఫిల్ కాదు, బుక్‌లో (ఎక్స్ఛేంజ్‌లో పెండింగ్ ఆర్డర్ల జాబితాలో) నిలబడుతుంది. వెంటనే క్యాన్సిల్ చేయాలి, క్యాన్సిల్ అయిందని కబురొచ్చాకే తర్వాతిది పంపాలి. ప్రతి ఆర్డర్‌కీ మూడు గుర్తులు పెట్టుకున్నాను: పంపిన క్షణం, బ్రోకర్ ఆర్డర్ నంబర్ ఇచ్చిన క్షణం, వెబ్‌సాకెట్‌లో (బ్రోకర్ నుంచి కబుర్లు వెంటవెంటనే వచ్చే తెరిచిన లైన్‌లో) ‘ఓపెన్’ అని వచ్చిన క్షణం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆర్డర్ నంబర్ వచ్చిందంటే బ్రోకర్ తీసుకున్నాడనే అర్థం. ఎక్స్ఛేంజ్ బుక్‌లో పడిందని ‘ఓపెన్’ వచ్చాకే అనుకోవాలి.

రోజుకు ఇరవై చొప్పున వారం రోజులు కొలిచాను. సగటు చూడలేదు, ఒక్క చెడ్డ ఆర్డర్ చాలు సగటు చెడిపోవడానికి. మధ్య విలువ (వరసలో పేరిస్తే నడిమిది), అన్నిటికంటే చెడ్డది, ఈ రెండే రాసుకున్నాను. నంబర్ రావడానికి మధ్య విలువ 70 మిల్లీసెకన్లు, ‘ఓపెన్’ రావడానికి 110. కాసేపు ఆగి పంపిన మొదటి ఆర్డర్ మాత్రం ప్రతిసారీ ఇంకో 60 మింగేస్తోంది. ఆ తప్పు నాదే: ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరుస్తున్నాను, అంటే రెండు వైపులా మళ్లీ పలకరించుకునే హ్యాండ్‌షేక్. కనెక్షన్ తెరిచే ఉంచితే అది పోయింది.

పింగ్ (చిన్న సందేశం పంపి జవాబుకెంత పట్టిందో చూడడం) కూడా నన్ను మోసం చేసింది. బ్రోకర్ అడ్రస్‌కి పింగ్ కొడితే 4 మిల్లీసెకన్లు. అయితే ఎన్‌ఎస్‌ఈ ఉన్నది ముంబై బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో, మనకు తిన్నగా గీత గీసినా ఎనిమిది వందల కిలోమీటర్లు దాటుతుంది. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. పోయి రావడానికే 8 మిల్లీసెకన్లు కావాలి. అంటే నా పింగ్ ముంబై దాకా పోనేలేదు, మధ్యలో బెంగళూరులోనే ఉన్న సీడీఎన్ సర్వర్ (అసలు సర్వర్ తరఫున దగ్గర్లో ఉండి జవాబిచ్చేది) జవాబిస్తోంది.

తర్వాత ముంబైలో క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని అదే ప్రోగ్రామ్ నడిపాను. 110 కాస్తా 75 అయింది. కో-లొకేషన్‌లో, అంటే ఎక్స్ఛేంజ్ ఆవరణలోనే, సర్వర్లు పెట్టుకున్నవాళ్లు మైక్రోసెకన్లలో లెక్కపెడతారు, వాళ్లతో మనకు పోటీ లేదు. కానీ 9:15 తర్వాతి మొదటి నిమిషంలో రెండు చోట్లా ‘ఓపెన్’ రావడానికి దగ్గర దగ్గర 900 పట్టింది. దూరం తగ్గినా అది తగ్గలేదు. పైగా ఆర్డర్ నంబర్ మామూలుగానే వస్తోంది, ఆలస్యమంతా దాని తర్వాతే.

ఆ తర్వాతి దారిలో బ్రోకర్ మార్జిన్ చెకింగ్ (ఖాతాలో సరిపడా డబ్బుందో లేదో చూడడం) ఎంత, ఎక్స్ఛేంజ్ ఎంత అన్నది బయటినుంచి విడదీయలేం. అందుకే ఈసారి సపోర్ట్‌కి ఆర్డర్ నంబర్లు, మూడు గుర్తులు పట్టికగా వేసి పంపాను. మూడో రోజు వాళ్ల టెక్నికల్ టీమ్ నుంచి ఫోన్ వచ్చింది. మొదటి నిమిషంలో మార్జిన్ చెకింగ్ దగ్గరే క్యూ పడుతోందని ఒప్పుకున్నారు.

ఇప్పుడు నా ప్రోగ్రామ్ మొదటి ఆర్డర్ 9:17కి పంపుతుంది. ముంబై సర్వర్ వదిలేద్దామనుకున్నాను కానీ, 2025 ఫిబ్రవరిలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఏపీఐ ఆర్డర్లకు స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రస్) కావాలి. మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో అది లేదు, అందుకే ఉంచుకున్నాను.