‘నౌకాచరిత్రము’తో మా బడి పిల్లలు: నాలుగు నెలల సాధన వివరాలు

జూన్ చివరి వారం

మా ఊరి ఉన్నత పాఠశాలలో సాయంకాలం నా దగ్గర పాట నేర్చుకొనే పిల్లలు ఈ ఏడాది 26 మంది. వారిలో ఆడపిల్లలు 23 మంది. నిరుడు వార్షికోత్సవానికి ‘శ్రీకృష్ణ తులాభారం’లోని కొన్ని ఘట్టాలు వేయించాను. అష్టభార్యలు, చెలికత్తెలు ఉన్న నాటకం కాబట్టి ఆడపిల్లలు ఎక్కువగా ఉన్న బృందానికి సరిపోతుందని అనుకొన్నాను. తీరా వేదిక ఎక్కాక పాటా పద్యమూ దాదాపు అంతా సత్యభామదే అయింది. తక్కినవారు పూలదండలు పట్టుకొని నిలబడ్డారు. నాటకం ముగిశాక ముఖానికున్న రంగు కడుక్కొంటూ ఏడో తరగతి పిల్ల ఒకతె, “మేడం, నా పాత్ర పేరేమిటి?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈసారి స్త్రీ పాత్రలు ఎన్ని ఉన్నాయో చూడకుండా, సొంతంగా పాడే చరణమో చేసే పనో ఎంతమందికి దక్కుతుందో చూసి ఎంపిక చేయాలని నిశ్చయించుకొన్నాను.

జూలై

ఈ కొలతతో చూస్తే పేరున్న నాటకాలు చాలావరకు పక్కకు తప్పుకొన్నాయి. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి వారి ‘హరిశ్చంద్ర’ పురుష పాత్రల మీద నడిచేవి. పైగా ఆ పద్యాలకు కావలసిన ఊపిరి, రాగాలాపన నాలుగు నెలల్లో వచ్చేవి కావు. ‘భామాకలాపం’ అపురూపమైనదే గాని, అది ముఖ్యంగా సత్యభామకూ మాధవికీ నడుమ సాగేది; నృత్యంలో ఆరితేరిన ఇద్దరున్న బడికి అది తగును, పాడగలిగిన 20 మందికి పైగా ఉన్న మాకు తగదు.

చివరకు త్యాగరాజస్వామి రచించిన ‘నౌకాచరిత్రము’ అనే గేయనాటకం దగ్గర ఆగాను. గోపికలు బాలకృష్ణుణ్ణి వెంటబెట్టుకొని యమునలో పడవ ఎక్కుతారు. తమంతటివారు లేరని గర్విస్తారు. గాలివాన వస్తుంది, పడవకు చిల్లి పడుతుంది. గర్వం వదిలి కృష్ణుణ్ణి శరణు వేడాక ఒడ్డు చేరుతారు. ఇందులో గోపికల గుంపు నాయిక వెనుక నిలిచే అలంకారం కాదు, కథంతా వారిదే. మొత్తం 21 కీర్తనల్లో ఆరింటిని తీసుకొన్నాను: సురటి రాగంలో ‘శృంగారించుకొని’, భైరవిలో ‘తనయందే ప్రేమ’, సారంగలో ‘ఓడను జరిపే’, దేవగాంధారిలో ‘ఎవరు మనకు సమానము’, సౌరాష్ట్రంలో ‘అల్ల కల్లోల’, పున్నాగవరాళిలో ‘గంధము పుయ్యరుగా’. నడుమనున్న కంద, సీస పద్యాల్లో కొన్నింటిని విడిచి, కథను వచనంలో కలిపితే 50 నిమిషాలకు వచ్చింది.

కృష్ణుడి పాత్ర ఎనిమిదో తరగతి అమ్మాయికి ఇచ్చాను. ఒకరిద్దరు తల్లిదండ్రులు సందేహించారు గాని, 1885లో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సమాజాల్లో స్త్రీలు పురుష వేషాలు కట్టిన ఆనవాయితీ ఉందని చెప్పాక ఒప్పుకొన్నారు. కృష్ణుడు ఇక్కడ బాలుడే కనుక ఆడపిల్ల గొంతు మరింత సహజంగా ఒప్పుతుంది.

నన్ను ఎక్కువ రోజులు ఆలోచింపజేసింది చిల్లి పూడ్చే ఘట్టం. మూలంలో గోపికలు తమ ఒంటిమీది వస్త్రాలనే తీసి అందులో కుక్కవలసి వస్తుంది. బడి పిల్లలతో దీన్ని అలాగే చూపించకూడదు. అలాగని తీసేస్తే, దాచుకొన్నదాన్ని వదులుకోవడమనే కథాబీజమే పోతుంది. అందుచేత లంగా ఓణీ మీద ప్రతి పిల్లకూ వేరొక రంగు నూలు ఉత్తరీయం వేయించి, దాన్నే తీసి ఇచ్చేలా మార్చాను. ఈ మార్పు బడి కోసం మేము చేసుకొన్నదేనని సూత్రధారుడు మొదటే చెబుతాడు. పెద్దల రచనను మార్చినప్పుడు ఆ మాట దాచకూడదని నా అభిప్రాయం.

ఆగస్టు

శ్రుతి విషయంలో పొరపాటు పడ్డాను. పిల్లల గొంతులు సన్నగా ఉన్నాయి కదా అని ఆరు శ్రుతికి, అంటే పాటకు ఆధారమైన స్వరాన్ని బాగా పైన, పెట్టాను. రెండు వారాలకే పై స్థాయిలో అరుపు వినిపించసాగింది. సాధన అయ్యాక ఇద్దరు గొంతు పట్టుకొని కూర్చున్నారు. ఐదుకు దించగానే, పల్లవి తర్వాత వచ్చే అనుపల్లవి తేలికపడింది. మగపిల్లలు ముగ్గురిదీ గొంతు మారే వయసు, వారిని ఆ శ్రుతికి లాగడం న్యాయం కాదు. ఒకడు సూత్రధారుడై వచనం చెబుతున్నాడు, ఒకడు మృదంగం నేర్చుకొంటున్నవాడే కనుక అదే వాయిస్తున్నాడు, మూడోవాడు తాళం వేస్తున్నాడు.

సెప్టెంబరు

పడవ తయారైంది. 14 అడుగుల పొడవు, వెదురు బద్దల చట్రం, దానికి గోనెపట్టా కుట్టి గోధుమరంగు పూశాము. అడుగు భాగం లేదు. పిల్లలు లోపల నిలబడి చట్రాన్ని నడుము ఎత్తున పట్టుకొని నడుస్తారు. ‘ఓడను జరిపే’ పాడుతూ ఎడమ కాలితో మొదలుపెట్టి తాళానికి అడుగు వేస్తే పడవ దానంతటదే ఊగుతుంది. మొదట అందరినీ ఎక్కించాను. మలుపులో చట్రం విరిగింది. ఇప్పుడు లోపల 12 మంది, తక్కిన గోపికలు బయట నీలిరంగు బట్ట పట్టి యమునగా కదులుతూ పాడుతున్నారు. గాలివాన ఘట్టంలో రెండు గుంపులూ చోట్లు మార్చుకొంటాయి. బట్టలు కుక్కడానికి చట్రం ముందువైపు జానెడు వెడల్పు వెదురు కంత ఒకటి విడిచిపెట్టాము.

అక్టోబరు రెండో వారం

‘గంధము పుయ్యరుగా’ ఎంత చక్కగా పంచుకోవడానికి వీలైన పాటో నేర్పుతుంటే తెలిసివచ్చింది. గంధం పూయడం, తిలకం దిద్దడం, చేలం కట్టడం, హారతులు ఎత్తడం, పూజలు చేయడం: ఏ చరణం పాడే గుంపుకు ఆ పని పాటలోనే ఉంది. పల్లవి అందరూ అందుకొంటారు. చరణాన్ని నలుగురైదుగురు కృష్ణుడి దగ్గరికి వెళ్లి, చేతిలోని పని చేస్తూ పాడుతారు. నిరుడు తన పాత్ర పేరడిగిన పిల్ల ‘తిలకము దిద్దరుగా’ మొదలుపెడుతుంది. కుంకుమ కలిపిన వేలు వణకకుండా ఉండడానికి ఆమె ఎడమచేత్తో తన కుడి మణికట్టును పట్టుకొని దిద్దుతోంది. ఆ భంగిమ బాగుంది, అలాగే ఉంచమన్నాను.

ఇంకా తేలవలసినవి ఉన్నాయి. ఉత్తరీయం ముడి తీయడానికి కొందరికి ఎక్కువసేపు పడుతోంది, కనుక ముడికి బదులు ఒక్క పిన్నీసుతో భుజం మీద నిలపాలి. భైరవి కీర్తన రెండో చరణంలో లయ పరుగెత్తుతోంది. వచ్చే శనివారం రెండు గంటలూ ఆ ఒక్క చరణానికే కేటాయించాను.