వూడూ3: 172 దగ్గర మొండికేసిన కార్డు

ఫ్యాను పెట్టాక నా పాత గ్రాఫిక్స్ కార్డు చిప్ చల్లబడింది, తెర మీద చుక్కలు మాత్రం పోవడం లేదు! ఈ వూడూ3 2000 అసలు వేగం 143 మెగాహెర్ట్జ్, దాన్ని పెంచే పనిలో ఉన్నాను. 166కి, అంటే 3000 మోడల్ వేగానికి, ఇబ్బంది లేకుండా చేరింది. నా గురి 3500 మోడల్ నడిచే 183. కార్డేమో 172 దాటనంటోంది.

ఫ్యాను లేనప్పటి లక్షణం వేరు. గ్రాఫిక్స్ పరీక్ష ప్రోగ్రాం 3డీమార్క్ 99 ఆపకుండా నడిపితే కాసేపటికి కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయేది. గది 35 డిగ్రీలుంటే హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు రెక్కలు) అడుగున వేడి కొలిచే థర్మోకపుల్ 74 చూపింది. మే నెలలో హైదరాబాద్ మేడమీద గది మరి! నాక్టువా 40 మిల్లీమీటర్ల ఫ్యానుతో అది 49కి దిగింది, బిగుసుకుపోవడం ఆగింది. ఈ సైజులో చౌక ఫ్యాన్లు కొనడం దండగ, త్వరలోనే గరగరలాడతాయి.

ఇప్పుడు కార్డు వేగం మార్చే ప్రోగ్రాం పవర్‌స్ట్రిప్‌లో 174 పెడితే చిప్ ఇంకా చల్లగా ఉండగానే త్రీడీ బొమ్మల ఉపరితలాల (టెక్స్చర్ల) నిండా తెల్ల చుక్కలు, డెస్క్‌టాప్ మీద సన్నని నిలువు గీతలు. వేడి వల్ల వచ్చే లోపమైతే వేడెక్కాక రావాలి. పైగా డెస్క్‌టాప్ మీదా కనిపిస్తోందంటే త్రీడీ భాగాన్ని తప్పుపట్టలేం. నా అనుమానం మెమరీ మీదే. వూడూ3లో చిప్‌కూ మెమరీకీ ఒకటే క్లాక్, ఒకదాన్ని ఆపి రెండోదాన్ని పెంచే వీలు లేదు. నా కార్డులో ఉన్నవి 7 నానోసెకన్ల మెమరీ చిప్‌లు, అంటే 143కి సరిపడేవి. 172 దగ్గర వాటిని 5.8 నానోసెకన్లలో పని చేయమంటున్నాను.

మెమరీ చిప్‌లకు అల్యూమినియం హీట్‌సింక్‌లు అంటిస్తే ఒక్క మెగాహెర్ట్జ్ కూడా కలిసిరాలేదు. బీఎక్స్ మదర్‌బోర్డు బస్ క్లాక్‌ను 133 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి తగ్గించాను. దాంతో కార్డు కూర్చునే ఏజీపీ స్లాట్ వేగం 89 నుంచి 66కి దిగినా చుక్కలు అలాగే ఉన్నాయి. ఇక మల్టీమీటర్ తీశాను. పవర్ సప్లై 3.3 వోల్టుల లైను ఖాళీగా ఉన్నప్పుడు 3.29, పరీక్ష నడుస్తుండగా 3.17. పవర్ సప్లైలకుండే ఏటీఎక్స్ ప్రమాణంలో కనీస హద్దు 3.14 కాబట్టి సరఫరా నియమం లోపలే ఉంది. కానీ కార్డు మెమరీ (ఎస్‌డీర్యామ్) నడిచేది ఈ 3.3 మీదే, హద్దు దాటించి పరుగెత్తించే మెమరీకి ఆ కాస్త లోటే ఎక్కువని నా ఊహ. ఏజీపీ స్లాట్ పక్కనున్న కెపాసిటర్లలో ఒకటి నెత్తిన కొద్దిగా ఉబ్బింది. అది వదిలే రిపుల్, అంటే వోల్టేజీలోని వేగమైన ఒడిదుడుకులు, మల్టీమీటర్‌లో కనబడదు.

అందుకే ముందు ఆ వరస మొత్తం మార్చి రూబికాన్ కెపాసిటర్లు వేస్తాను, తర్వాత 3.3 లైను బలంగా ఉన్న పవర్ సప్లై. అప్పటికీ కదలకపోతే ఇదే రకం మెమరీ ఉన్న పాడైన 3000 కార్డు సంపాదించి, దాని 6 నానోసెకన్ల చిప్‌లను హాట్ ఎయిర్‌తో తీసి దీనికి వేస్తాను. కార్డు కోసం వెతకడం ఇప్పటికే మొదలుపెట్టాను.