గర్భిణికి 94 చాలదు

వానాకాలంలో రొంప, జ్వరం కర్నూలు జిల్లాలో ఏటా చూసేవే. అయితే ఏడో నెల గర్భిణికి ఫ్లూ తగిలి, నాలుగడుగులకే ఆయాసం వస్తోందంటే "కడుపు పెరిగింది కదా, అట్లే ఉంటుందిలే" అని సర్దిచెప్పకండి. గర్భం వల్ల వచ్చే ఆయాసం వారాల తరబడి మెల్లగా పెరుగుతుంది. జ్వరం, దగ్గుతో రెండు రోజుల్లో ముంచుకొస్తే అది ఊపిరితిత్తుల జబ్బేమోనని అనుమానించాలి.

గోళ్ల రంగు తుడిచి, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు ఆక్సీమీటర్ పెట్టండి. రక్తంలో ఆక్సిజన్ శాతం (సాచురేషన్) 95 కంటే తగ్గితే ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. గర్భసంచి పైకి నెట్టడంతో ఊపిరితిత్తుల్లో గాలి నిల్వ ఐదో వంతు తగ్గుతుంది, ఆక్సిజన్ అవసరమేమో దాదాపు అంతే పెరుగుతుంది. అందుకే పడిపోవడం మొదలైతే నిమిషాల్లో పడిపోతుంది.

ఫ్లూ వైరస్ మందు ఒసెల్టామివిర్ 75 మిల్లీగ్రాములు, ఉదయం, రాత్రి, 5 రోజులు. మొదటి 48 గంటల్లో పడితే మేలు. దాటినా జబ్బు తీవ్రంగా ఉంటే ఇవ్వాలి. స్వాబ్ రిపోర్టు కోసం ఆగొద్దు. జ్వరానికి పారాసిటమాల్ చాలు, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వద్దు.

ఆసుపత్రిలో ఎక్కువగా మోసపోయేది బ్లడ్ గ్యాస్ (రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచే పరీక్ష) దగ్గర. కార్బన్ డయాక్సైడ్ 40 ఉంటే రిపోర్టులో నార్మల్ అనే ఉంటుంది. గర్భిణికి మామూలుగా ఉండాల్సింది 28 నుంచి 32. వేగంగా ఊపిరి తీస్తున్న మనిషికి 40 వచ్చిందంటే ఆమె అలసిపోతోందని అర్థం, వెంటిలేటర్ సిద్ధం చేసుకోవాలి. గొంతు లోపల వాపు ఉంటుంది కాబట్టి శ్వాసనాళంలోకి 6.5 లేదా 7 సైజు ట్యూబు, చెయ్యి తిరిగిన మత్తు డాక్టరు కావాలి. వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఇచ్చే గాలిని కిలోకు 6 మిల్లీలీటర్ల లెక్కన, ఎత్తును బట్టి వచ్చే బరువుకు కట్టాలి, గర్భంతో పెరిగిన బరువును బట్టి కాదు. కాన్పు చేసేస్తే తల్లి ఊపిరి కుదుటపడుతుందన్న భరోసా లేదు. ఆ నిర్ణయం వారాలను, తల్లీబిడ్డల పరిస్థితిని చూసి తీసుకునేది.

ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. బి టైప్ ఆక్సిజన్ సిలిండర్‌లో 1500 లీటర్లుంటాయి. రిజర్వాయర్ మాస్కుకు (ఆక్సిజన్ నిల్వ ఉండే సంచి ఉన్నది) నిమిషానికి 15 లీటర్లు పెడితే నిండు సిలిండరైనా 100 నిమిషాలే. రెండోది ఎక్కించాకే బండి కదలాలి. దారిలో మాస్కు సంచి ముడుచుకుపోతుంటే ఫ్లో చాలడం లేదన్నమాట. వెల్లకిలా పడుకోబెట్టకండి, తల ఎత్తి, ఎడమవైపుకు ఒరిగేలా కుడి తుంటి కింద దిండు పెట్టండి. రెఫరల్ చీటీలో ఎన్ని వారాలు, మొదటి మాత్ర ఎప్పుడు వేశారు, ఎన్ని లీటర్ల మీద ఎంత సాచురేషన్ అన్నది రాయండి. ఐసీయూకూ, లేబర్ రూముకూ ముందే ఫోన్ చేయండి.